ఎముకతో కొట్టి చూడాలి

శబ్దాన్ని ముందు పట్టుకున్నది నేను కాదు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చునే లెక్కల టీచరమ్మ.

కోయిలకుంట్ల దాటాక రోడ్డు నల్లరేగడి చేల మధ్యకు పోతుంది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. ఎంత బాగా వేసిన తారైనా రెండేళ్లకు నలిగిన దుప్పటిలా ముడతలు పడుతుంది. ఆ ముడతల మీద పోతుంటే ఆమె ముందుకు వంగి, "అన్నా, ముందర కింద ఏందో కొట్టుకుంటాంది. నిన్న కూడా విన్యా" అంది.

"రోడ్డు మేడం" అన్నాను.

"రోడ్డు రోజూ ఉండేదే కదన్నా. ఈ శబ్దం కొత్తది."

లెక్కలు చెప్పేవాళ్లతో ఇదే తంటా. మిగతా ముగ్గురు టీచర్లూ ఫోన్లలోంచి తలలెత్తి చెవులు పెట్టారు. గుంత వచ్చింది, టక్కుమంది. ఇంకో గుంత, ఇంకో టక్కు. "చూపిస్తాలే మేడం" అన్నాను.

నిజానికి ఆ శబ్దం వారం నుంచి నా చెవినీ పడుతోంది. కానీ ముందు చక్రాల్లో ఏది వదులైనా చెవి కంటే ముందు చేతికి తెలియాలి. స్టీరింగ్ పట్టుకున్న అరచేతికి సన్నటి వణుకు రావాలి. నాకు రాలేదు. నా చేతులకు అప్పటికే ఏదీ తెలియడం లేదు. పద్నాలుగు నెలలుగా ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, నలుగురు ఆడవాళ్లను రోజూ బనగానపల్లె నుంచి వాళ్ల బడికి, బడి నుంచి మళ్లీ ఇళ్లకు తిప్పుతున్నాను. ఇది బయటపడితే నా బండి ఎవరూ ఎక్కరు. ఎక్కకూడదు కూడా. ఆ రెండో మాట నాకు తెలియక కాదు, దాని వైపు చూడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను.

చేతులు ఇలా కావడానికి పెద్ద కథేమీ లేదు. ఇరవై రెండేళ్లు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాను. మొదట కోత మిషన్ మీద, తర్వాత చేత్తో పట్టుకుని బండల అంచులు అరగదీసే మిషన్ మీద. అది పొద్దంతా చేతుల్లో వణుకుతూనే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే కూడా ఆ వణుకు వేళ్లలో ఆడుతూ ఉండేది. చలికాలం పొద్దున వేళ్ల కొసలు సున్నంలో ముంచినట్టు తెల్లబడేవి. మాలో చాలామందికి అంతే. ఒకరి వేళ్లు ఒకరికి చూపించుకుని నవ్వుకునేవాళ్లం. ఫ్యాక్టరీ మానేసి పాత కారు కొనుక్కున్నాక, ఇక చేతులు కుదుటపడతాయనుకున్నాను. అవి రోజురోజుకూ ఇంకా దూరం పోయాయి. ముందు వేళ్ల కొసలు, తర్వాత వేళ్లు, తర్వాత అరచేయి. చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది.

ఒకసారి కారు కాగితాల పని ఉందని ఇంట్లో చెప్పి, కర్నూల్లో ఒక నరాల డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. కళ్లు మూసుకోమన్నాడు. సూదితో గుచ్చుతాను, తెలిసినప్పుడల్లా చెప్పమన్నాడు. కాసేపు ఆగి, "మొదలుపెట్టండి సార్" అన్నాను.

"అయిపోయింది" అన్నాడు.

మిషన్ వణుకు నరాలను తినేసిందన్నాడు. ఉన్నది నిలబెట్టుకోవాలి తప్ప పోయింది రాదన్నాడు. డ్రైవింగ్ గురించి ఒకసారి ఆలోచించమన్నాడు. సరేనని, అదే కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చాను. దారిలో ఏడ్చానా అంటే, లేదు. భయం కూడా వేయలేదు. చేతులకు వచ్చిందే లోపలికీ పాకిందేమో అనిపించింది. ఏది జరిగినా అది పక్కింట్లో జరుగుతున్నట్టు ఉండేది.

కోపం మాత్రం పోలేదు. ముఖ్యంగా టీ మీద. ఏడాదిగా మా ఇంట్లో టీ గోరువెచ్చగానే వస్తోంది. చేతికి తెలియకపోయినా నోటికి తెలుస్తుంది కదా. పెళ్లయిన కొత్తలో పొగలు కక్కే టీ ఇచ్చిన మనిషే.

"ఏమ్మే, ఇది టీనా కుడితా?" అనేవాణ్ణి.

"తాగు. నోరు కాల్చుకొని నువ్వు చేసే పనేముండాది" అనేది నా భార్య. అంతే, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయేది. చెప్పిచెప్పి విసుగొచ్చింది గానీ టీ మారలేదు. వయసు మళ్లేకొద్దీ మగవాడికి ఇంట్లో వేడి టీ కూడా పుట్టదని బయట పది మందితో అని నవ్వించేవాణ్ణి.

శుక్రవారం సాయంత్రం టీచర్లను దించి, నాకు తెలిసిన మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయాను. భాయ్ కారు ముందు భాగం పైకెత్తి, చక్రాన్ని మీదా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత టైరు కింద గడ్డపార పెట్టి లేపి చూశాడు. లోపల ఇనుముకు ఇనుము తగిలిన శబ్దం వచ్చింది.

"బాల్ జాయింట్లు పోయినాయప్పా, రెండు దిక్కులా. తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో తిరుగుతాది సూడు, అట్లాంటిదే ఇది. గిన్నె అరిగిపోయింది. ఏదో ఒకరోజు గుండు బయటికి దూకుతాది. అప్పుడు చక్రం పక్కకు మడుచుకొని పడిపోతాది. స్టీరింగు ఇంత ఊగుతాంటే నీ చేతికి తెలియల్యా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. ఆదివారం బండి తీసుకురా, మార్చేద్దాం అన్నాడు. ఇంట్లో నేనే మార్చుకుంటానన్నాను. ఫ్యాక్టరీలో మిషన్లు విప్పి బిగించిన చెయ్యి అది, భాయ్‌కి అనుమానమేమీ రాలేదు. నా భయం వేరు. షెడ్డులో ఆయన పక్కన నిలబడి పనిచేస్తే, నా వేళ్ల మధ్య నుంచి నట్లు జారిపోవడం చూస్తాడు. ఆయన చూస్తే బజారంతా చూసినట్టే. మార్చుకోవడం చేతనవుతుందని నాకు నేను చూపించుకోవాలన్న పంతం కూడా ఉండింది. ఈ పని చేయగలిగితే, బండి నడపడం కూడా చేయగలిగినట్టే అని లెక్క వేసుకున్నాను. తప్పుడు లెక్క అని ఆ టీచరమ్మైతే అప్పుడే చెప్పేది.

శనివారం నంద్యాల నుంచి కొత్త జాయింట్లు తెచ్చాను. ఆదివారం పొద్దున్నే ఉగ్గాని తిని ఇంటి ముందు పనికి దిగాను. సోమవారం ఎనిమిదింటికి టీచర్లు ఎదురుచూస్తుంటారు.

ఎత్తిన కారును జాకీ ఒక్కదాని మీద నమ్మకూడదు. కింద గట్టిగా ఇంకేదైనా ఉండాలి. దానికి షెడ్డుల్లో ఇనుప స్టాండ్లు వాడతారు. మా ఊళ్లో ఇంట్లో పనికి స్టాండ్లు కొనేవాడెవడు? మాకు దేనికైనా నాపరాయే. ఇంటి కప్పు అదే, ప్రహరీ అదే, బట్టలుతికేది దాని మీదే, అరుగూ అదే. చచ్చినా తల దగ్గర పాతేది ఆ రాయే. ఇంటి వెనక నేను ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మందపాటి ముక్కలు ఒక గుట్ట ఉన్నాయి. వాటిని అడ్డంగా నిలువుగా పేర్చి కారు కింద పెడితే ఏనుగును కూడా మోస్తాయి. ఒక్కటే షరతు, లోపల పగులు ఉండకూడదు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైకి నున్నగా కనిపించే బండలో వెంట్రుకంత చీలిక ఉన్నా కంటికి ఆనదు.

అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. బండను ఎత్తే ముందు వేలు మడిచి కణుపుతో కొట్టి చూస్తారు. మంచిదైతే ఖంగుమంటుంది, పగిలిందైతే చచ్చుగా పలుకుతుంది. నేను పనిలో చేరిన మొదటి రోజు పక్కనున్న సుత్తితో కొట్టి, బాగుంది అన్నాను. మేస్త్రి నా చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. "ఇనుముతో కొడితే చచ్చిన బండ కూడా పలుకుతాదిరా. ఎముకతో కొట్టు. సగం చెవి చెప్తాది, సగం ఎముక చెప్తాది" అన్నాడు. ఇరవై రెండేళ్లు ఎముకతోనే కొట్టాను. ఎన్నడూ తప్పలేదు.

నా భార్య అరుగు మీద కూర్చుని కందిపప్పు ఏరుతూ నాకు పనిముట్లు అందిస్తోంది. నేను సాయమడగలేదు, తనే వచ్చి కూర్చుంది. ఎడమ దిక్కు మొదలుపెట్టాను. చక్రం విప్పి, దాన్ని కారు కిందికే పడుకోబెట్టి తోశాను. బండి జారితే నేల మీద పడకుండా దాని మీద ఆగుతుందని. బండలు పేర్చి, బరువు వాటి మీదికి దించాను. పాత జాయింటును పట్టి ఉంచే నట్టు తీసి, చక్రం బిగించే ఇనుప దిమ్మ పక్కన పెద్ద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే, పట్టు వదిలి కిందికి జారింది. చేతిలోకి తీసుకుని చూశాను. రబ్బరు తొడుగు చినిగిపోయి, లోపల గ్రీజుకు బదులు నల్లరేగడి మన్ను ఉంది. గుండు గిన్నెలో గలగలా ఆడుతోంది. దీని మీద నలుగురిని కూర్చోబెట్టుకుని తిరిగాను అనుకున్నాను. అనుకున్నానే గానీ గుండె ఝల్లుమనలేదు. పక్కన పెట్టి కొత్తది తీసుకున్నాను.

కొత్తది బిగించడానికి గంట పట్టింది. కళ్లతో చూసుకుంటూ చేస్తే నట్టు ఎక్కుతుంది. చూపు తప్పితే ఎక్కడికి పోయిందో తెలియదు. రెండుసార్లు నట్టు కింద పడింది, రెండుసార్లూ నా భార్య ఏమీ అనకుండా తీసి ఇచ్చింది. నట్టు తిరిగి వదులు కాకుండా దాని గాట్లలోంచి రెండు కాళ్ల పిన్ను ఒకటి దూర్చి, ఆ కాళ్లు వంచేయాలి. అది బ్రేకు వెనక, నీడలో ఉంటుంది. తడుముతూ దూర్చాను, ప్లయర్‌తో వంచాను. చక్రం ఎక్కించి కారు దించాను. గెలిచినట్టే అనిపించింది.

కుడి దిక్కు నేల కొంచెం పల్లం. ఒక బండ ఎక్కువ కావలసి వచ్చింది. గుట్టలోంచి ఒకటి తెచ్చి, అలవాటు ప్రకారం వేలు మడిచి కొట్టాను. శబ్దమేదో వచ్చింది. మంచిదా, కాదా? మేస్త్రి చెప్పిన సగం చెవికి అందింది, ఎముక చెప్పాల్సిన సగం రాలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టాను. చెక్క మీద చెక్క తగిలినట్టు ఉంది తప్ప వేలికేమీ తెలియలేదు. తల ఎత్తితే నా భార్య పప్పు ఏరడం ఆపి నన్నే చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. పక్కనున్న పెద్ద స్పానర్ తీసుకుని బండను కొట్టాను. గుడి గంటలా మోగింది.

"విన్యావా?" అన్నాను ఆమెతో. ఆ బండను అన్నిటికంటే పైన పెట్టాను.

కుడి చక్రం కూడా విప్పి కారు కిందికి తోసి, నట్టు తీసి, సుత్తి ఎత్తాను. కూర్చున్న చోట ఒరగకుండా ఎడమ చేయి బండల మీద ఆనించాను. మూడో దెబ్బకు పెళ్లుమని శబ్దం వచ్చింది. జాయింటు ఊడిందనుకున్నాను. అంతలోనే జాకీ పక్కకు పడిపోయింది, కారు ముందు భాగం జారి, కింద పడుకోబెట్టిన చక్రం మీద కూర్చుని ఆగింది. దుమ్ము లేచింది. పప్పు చేట చేతిలోంచి వదిలేసి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"ఏం కాలా, ఏం కాలా" అన్నాను. "చక్రం ఆపింది సూడు. ముందుచూపు అంటే అదీ."

లేవబోయాను, లేవలేకపోయాను. ఏదో పట్టి లాగుతోంది.

"చొక్కా ఇరుక్కున్నట్టుండాది. తియ్యి" అన్నాను.

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసినట్టు అనిపించింది.

"చొక్కా కాదయ్యా" అంది.

పై బండ నిలువునా చీలి, ఒక ముక్క ఒరిగి, నా ఎడమ చేతి రెండు వేళ్లను కింది బండకు అదిమి పట్టింది. రక్తం బండ అంచు మీదుగా కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. నేను దాన్ని చూశాను. నా వేళ్లనీ చూశాను. ఎవరి వేళ్లో అనిపించాయి. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇది ఒక్కటే: ఈమెకు తెలిసిపోయింది.

ఆమె అరవలేదు. ఇరుగుపొరుగును పిలవలేదు. జాకీ మళ్లీ నిలబెట్టి, "యాడ పెట్టాల, ఎట్ల తిప్పాల, చెప్పు" అంది. చెప్పాను. చీర కొంగు బొడ్లో దోపుకుని, అంగుళం అంగుళం తిప్పుతూ కారును లేపింది. బరువు తగ్గగానే ముక్కను పక్కకు నెట్టి, నా చేతిని తన చేత్తో పట్టి బయటికి తీసింది. తనే తువ్వాలు చుట్టింది, తనే ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ తువ్వాలు విప్పి, ఒక వేలి ఎముక విరిగిందంది. కుట్లు వేయడానికి ముందు మత్తు సూది ఇస్తాను, కాస్త నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోమంది. సూది దిగేటప్పుడు నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. ఆ అమ్మాయి ఆగిపోయింది. ఇంకోచోట సూది మొనతో నొక్కింది. తర్వాత కుడి చేతి వేళ్లు కూడా నొక్కి చూసింది. నా ముఖం వంక, తర్వాత నా భార్య ముఖం వంక చూసింది. ఇప్పుడు పెద్ద రభస అవుతుందని కాచుకున్నాను. నా భార్య నేల చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అది నాకు వింతగా తోచింది గానీ, అప్పుడు అడగలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. కారు ఇంకా జాకీ మీద ఒంటికాలి కొంగలా నిలబడి ఉంది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పటికీ నా బుద్ధి మారలేదు. తప్పు బండది, నాది కాదు అనుకున్నాను. భాయ్‌ని పిలిచి మిగిలింది బిగించుకుంటే, పొద్దున ఒంటిచేత్తో అయినా బడి దాకా పోయి రావచ్చు అనుకున్నాను. ఫోన్ చేస్తే భాయ్ ఇనుప స్టాండ్లతో సహా వచ్చాడు. చీలిన బండను, నా కట్టును చూసి పనిలోకి దిగాడు. కుడి దిక్కు ముప్పావు గంటలో ముగించాడు. మొదట చేసిన దిక్కు కూడా ఒకసారి చూస్తానని ఎడమ చక్రం విప్పాడు. టార్చి వేసి లోపలికి చూశాడు. తర్వాత నేను పొద్దున మోకాళ్ల కింద పరుచుకున్న గోనెపట్టా దులిపాడు. ఏదో సన్నటిది టింగుమని బండ మీద పడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇది యాడిదప్పా?"

రెండు కాళ్ల పిన్ను. కాళ్లు వంగనే లేదు, కొత్తది కొత్తదానిలాగే ఉంది. పొద్దున నేను దూర్చింది ఏమిటో, ప్లయర్‌తో వంచింది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. గాలినే అయి ఉండాలి.

"ఇది లేకుంటే నట్టు నాల్రోజుల్లో వదులైతాది. ఐదో రోజు చక్రం మడుచుకుంటాది. నీ అంత పనిమంతుడు ఇట్ల మరిసేది కాదు కదప్పా. ఏమైంది నీకు?"

బండ పగిలితే బండ తప్పనొచ్చు. పిన్ను మీదికి తప్పు నెట్టడానికి వీల్లేదు. భాయ్ పిన్ను దూర్చి, కాళ్లు వంచి, నన్ను దగ్గరికి పిలిచి టార్చి వేసి చూపించాడు. చూశాను. ఆయన చేతులు కడుక్కుని పోయాడు.

ఆయన పోయాక లెక్కల టీచరమ్మకు ఫోన్ చేశాను. తలుపు దగ్గర నా భార్య నిలబడి ఉందని తెలుసు.

"బండి బాగైంది మేడం. కానీ రేపట్నుంచి నేను రాను."

"ఎందుకన్నా?"

"నా చేతులకు స్పర్శ లేదు మేడం. స్టీరింగు పట్టుకున్న్యా కూడా తెలీదు."

"ఎన్నాళ్లనుంచి?"

"పద్నాలుగు నెలలు."

ఆమె లెక్క వేస్తున్నట్టుంది. పద్నాలుగు నెలలంటే రెండు వానాకాలాలు. కుందూ ఏరు పొంగి రోడ్డు మీదికి నీళ్లొచ్చిన రోజు, ఇక వెనక్కి పోదామన్నా అని ఆ నలుగురూ అంటే, నా మీద నమ్మకముంటే కూర్చోండి అని దాటించిన రోజు కూడా అందులోనే ఉంది. ఆమెకూ అదే గుర్తొచ్చిందేమో.

"నిన్నే నమ్ముకొని కూర్చుంటిమి కదన్నా ఆ పొద్దు" అంది.

"తిట్టండి మేడం."

"తిట్టేదానికి నోరు రావడంల్యా. బస్సుకు పోతాంలే" అని పెట్టేసింది.

అప్పుడు సిగ్గేసింది. నెలల తర్వాత నాకు ఏదైనా బాగా తెలిసిందంటే అదే. చెవుల దాకా కాలింది. అరుగు మీద కూర్చుండిపోయాను. పొద్దున నా భార్య చేతిలోంచి జారిన కందిపప్పు ఇంకా నేల మీద చెల్లాచెదురుగా ఉంది, రెండు పిచ్చుకలు ఏరుకుంటున్నాయి.

నా భార్య స్టీలు గ్లాసుతో టీ తెచ్చి కుడి చేతికిచ్చింది. ఒక గుక్క తాగాను.

"ఈ పొద్దు కూడా చల్లటిదేనా" అన్నాను. కోపం లేదు, వేరే మాట దొరక్క అన్నాను.

ఆమె పక్కన కూర్చుంది. "పోయినేడు శ్రావణంలో నువ్వు టీచరమ్మతో ఫోన్లో మాట్లాడతాంటే, పొయ్యి మీంచి దించినట్లే తెచ్చిచ్చినా. కొంగుతో పట్టుకొని తెచ్చినా దాన్ని. నువ్వు వట్టి చేత్తో తీసుకొని, అట్లనే పట్టుకొని, ఎన్ని గంటలకు రావాల మేడం అని మాట్లాడతానే ఉండావు. మర్సటి రోజుకు అరచేయంతా బొబ్బలు. ఏందని అడిగితే, సైలెన్సరు తగిలింది అంటివి."

ఆ బొబ్బలు నాకు గుర్తున్నాయి. ఎలా వచ్చాయో నాకూ తెలియక, సైలెన్సరే అయి ఉంటుందని నిజంగానే నమ్మాను.

"అప్పట్నుంచి రెండు గ్లాసుల్లో తిరగబోసి, ఆర్చి, నా చెంపకు ఆనించి సూసుకొని తెస్తాండా" అంది.

"మరి నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే మానుకుంటావా? ఇంకా బాగా దాస్తావు. నీ అంతట నువ్వు చెప్తావని సూస్తాంటి. రోజూ సందు మొగదాల నీ బండి శబ్దం ఇనపడేదాకా నాకు పానం ఈడ ఉండేది కాదు." కొంగు సర్దుకుని, "ఆ నలుగురి ఉసురు నాకూ తగులుతాది. నేనూ నోరు మూసుకుంటి కదా" అంది.

ఏడాదిపాటు రోజుకు రెండుసార్లు ఆమెను ఆ టీ గురించి తిట్టాను. నలుగురిలో పెట్టి నవ్వించాను. ఆమె లేచి వెళ్లి, వంగి నేల మీది పప్పు ఏరడం మొదలుపెట్టింది.

గ్లాసు నా చేతిలో ఉందని కళ్లకే తెలుసు. దాన్ని ఎత్తి చెంపకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది.